గరాటులో సుడిగాలి

కరీంనగరము నుండి పెద్దపల్లికి పోవు రహదారిపై సుల్తానాబాదు చేరువకు వచ్చునప్పటికి ఇరువైపుల బియ్యపు మిల్లులు కానవచ్చును. ఎత్తైన పొగగొట్టములు, వడ్లు నానబెట్టు తొట్లు, ఊక గుట్టలు, లారీల వరుసలు, వీనినన్నిటిని చూచినవారు సైతము కప్పుమీద నిలిచియున్న ఒక వస్తువును గమనింపక పోవుదురు. అది రేకుతో చేసిన గరాటు. పైభాగము డబ్బావలె గుండ్రముగ నుండి, క్రిందికి వచ్చుకొలది సన్నగిల్లి, చివర జానెడు గొట్టముగ ముగియును. ప్రక్కనుండి ఒక గొట్టము వచ్చి దానిలో చేరును. నడినెత్తి నుండి మరియొక గొట్టము పైకి పోవును. లోపల తిరుగు చక్రము లేదు, జల్లెడ లేదు, గుడ్డ లేదు, నీరు లేదు. అయినను ప్రక్కనుండి ప్రవేశించిన గాలిలోని ఊకయు, తవుడును క్రిందికి రాలును. గాలి మాత్రము పైకి పోవును. మిల్లువారు దీనిని సైక్లోను అందురు.

కోస్తా ప్రాంతము వారికి ఆ మాట విన్నంతనే 1977 నవంబరునాటి దివిసీమ ఉప్పెన స్ఫురించును. సుల్తానాబాదు హమాలీకి తవుటి సంచి కట్టు చోటు గుర్తునకు వచ్చును. పేరొక్కటే యగుటలో వింత లేదు. అక్కడ సముద్రముపై క్రోసుల మేర తిరుగు సుడిగాలియే, ఇక్కడ నిలువెత్తు రేకు డబ్బాలో తిరుగుచున్నది.

ఈ గరాటు బియ్యపు మిల్లు సొత్తు మాత్రమే కాదు. ఈ రహదారినే పట్టి పెద్దపల్లి, బసంతనగరము, రామగుండము మీదుగ గోదావరి దాటి మంచిర్యాల వరకు పోయినచో, సిమెంటు కర్మాగారములలోను, విద్యుత్కేంద్రములలోను ఇది ఏదో యొక రూపమున ఎదురగుచునే యుండును. 2016లో జిల్లాల విభజన జరిగి పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు పలు ముక్కలైనవి గాని, పరిశ్రమలకు ఆ సరిహద్దులు పట్టవు. అయితే ఇందులో నొక విశేష మున్నది. పట్టుబడిన దుమ్మునకు వెల యున్న చోట సైక్లోను అతి శ్రద్ధగ పనిచేయును. వెల లేని చోట అదే సైక్లోను చిల్లులు పడి, అతుకులు వదులై, పేరునకు మాత్రము నిలిచియుండును. యంత్రమొక్కటే, సూత్రమొక్కటే, భేదమంతయు యజమాని దృష్టిలో నున్నది.

సూత్రము తెలియుటకు ముందు కళ్ళములోనికి పోవలెను. తూర్పారబట్టు రైతు చేటను తలపైకెత్తి ధాన్యమును సన్నని ధారగ విడుచును. గట్టి గింజ కాళ్ళ దగ్గర పడును. తాలు బారెడు దూరమున పడును. దుమ్ము కళ్ళము దాటి పోవును. గాలి అడ్డముగ నెట్టుచున్నది, భూమి క్రిందికి లాగుచున్నది. ఈ పోరులో గింజ భూమి పక్షము, దుమ్ము గాలి పక్షము. దుమ్ము ఎంత సన్ననిదైన అంతగా గాలికి వశమగును. ఇది లెక్కలలో చూచిన గాని మనస్సునకు పట్టదు. మిల్లీమీటరులో వెయ్యవ వంతునకు మైక్రాను అని పేరు. తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. నీటికి రెండింతల సాంద్రత గలిగి, 10 మైక్రానుల వ్యాసము గల రేణువు కదలని గాలిలో సెకండునకు 6 మిల్లీమీటరులు మాత్రమే దిగును. మూడు మీటరుల ఎత్తునుండి నేలకు చేరుటకు దానికి ఎనిమిది నిమిషములు పట్టును. రేణువు 1 మైక్రానే యైనచో వేగము నూరవ వంతునకు పడిపోవును. అదే ఎత్తు దిగుటకు దాదాపు 14 గంటలు కావలెను. సందెవేళ లేచిన దుమ్ము తెల్లవారిన పిమ్మట గాని నేలకు దిగదన్నమాట. అది దిగువరకు ఓపికపట్టి పట్టుకొందమన్న ఊరంత గది కట్టవలసి వచ్చును.

కనుక భూమి లాగుడు చాలదు. అంతకు మించిన లాగుడు కావలెను. జొన్నచేలలో పిట్టలను తోలు వడిసెలను త్రిప్పినవారికి రాయి చేతిని ఎట్లు లాగునో తెలియును. వేగము రెట్టింపైనచో లాగుడు నాలుగింతలగును. వేగము నట్లే యుంచి త్రాడును సగమునకు కుదించినచో లాగుడు రెండింతలగును. సైక్లోనులో త్రాడు లేదు. గుండ్రని గోడయే గాలిని వంచి త్రిప్పుచున్నది. గాలి వంగును గాని, దానిలోని రేణువు అంత సులభముగ వంగదు. తిన్నగ పోవ ప్రయత్నించి గోడకు తగులును. సెకండునకు 15 మీటరుల వేగముతో గాలి మీటరు వ్యాసము గల సైక్లోనులో ప్రవేశించినచో, గోడ దగ్గర రేణువును వెలికి నెట్టు బలము దాని బరువునకు 45 రెట్లుండును. వ్యాసమును 30 సెంటీమీటరులకు తగ్గించినచో అది 150 రెట్లు దాటును. ఇందాక సెకండునకు 6 మిల్లీమీటరులు దిగిన రేణువు, 45 రెట్ల బలము క్రింద 27 సెంటీమీటరులు పరుగెత్తును. గాలి లోపల నుండునది ఒకటి రెండు సెకండులే యైనను అది గోడ చేరుటకు ఆ వ్యవధి చాలును. 1 మైక్రాను రేణువు మాత్రము అంతటి బలమునకును సెకండునకు 3 మిల్లీమీటరులైన కదలదు. గోడ చేరకమునుపే గాలి దానిని వెంటబెట్టుకొని బయటికి పోవును. సైక్లోను బలమును, బలహీనతయు ఈ రెండంకెలలోనే యున్నవి. పాఠకులు వీనిని జ్ఞాపకముంచుకొన వేడెదను.

గోడ చేరిన దుమ్ము గాలితో కూడ చుట్లు చుట్లుగ దిగి గరాటు కొనకు చేరును. గాలియు అంతవరకు దిగి, అక్కడ వెనుకకు మరలి, నడుమ నొక సన్నని సుడిగ ఏర్పడి, నెత్తిన గల గొట్టము ద్వారా పైకి పోవును. బయటి సుడి క్రిందికి, లోపలి సుడి పైకి. రెండును ఒకే దిక్కునకు తిరుగుచునే యుండును. వేసవి మధ్యాహ్నమున ఎండిన చెరువులలో లేచు సుడిగాలి ఎండుటాకులను నడుమకు చేర్చుకొని పైకి లేపును. దానికి పట్టపగ్గములు లేవు. చుట్టును గోడ కట్టి, క్రింద నొక తలుపు పెట్టినచో నదే మనకు పాలేరుతనము చేయును.

ఈ ఉపాయము ప్రయోగశాలలో పుట్టలేదు, పిండిమరలో పుట్టినది. అమెరికాలోని మినియాపోలిసు నగరమున 1878 మే 2వ తేదీన వాష్‌బర్ను అను గోధుమ పిండి మిల్లులో పిండి దుమ్మునకు నిప్పంటుకొని, మిల్లు ప్రేలిపోయి 18 మంది మరణించిరి. మనము రొట్టెలు చేసుకొను పిండియే గాలిలో లేచినప్పుడు మందుగుండగునని లోకమునకు తెలిసిన సందర్భములలో నది యొకటి. 1885లో అదే దేశమున మిచిగాను రాష్ట్రమునకు చెందిన నికర్‌బాకరు కంపెనీ పక్షమున జాన్ ఫించి అనునాతడు దుమ్ము పట్టు గరాటునకు పేటెంటు పొందెను. ఇప్పటి సైక్లోనులకు మూలపురుషుడుగ దానినే చెప్పుదురు. లెక్కలు చాల ఆలస్యముగ వచ్చినవి. 1951లో స్టెయిర్మండ్ అను ఆంగ్లేయుడు ఏ భాగము ఎంత యుండవలెనో ప్రయోగములు చేసి ప్రకటించెను. ఎత్తు వ్యాసమునకు నాలుగింతలు, బయటికి పోవు గొట్టము వ్యాసములో సగము, దుమ్ము రాలు రంధ్రము మూడవ వంతునకు కొంచె మెక్కువ. అంతకు ముందు 65 సంవత్సరములు రేకుపని వారు కంటి అంచనాతోనే దీనిని చేసిరి. నేటికిని చిన్న మిల్లులలో అట్లు చేయుచున్నవారు లేకపోలేదు.

ఇక మరల సుల్తానాబాదు దారికి వత్తము. ఈ సీమలో ఇన్ని మిల్లులు వెలియుటకు గోదావరి నీరే మూలము. 1963 జూలై 26వ తేదీన పోచంపాడు వద్ద నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట శ్రీరాంసాగరు పేరుతో నిలిచి, కాకతీయ కాలువ ద్వారా కరీంనగరమునకు నీరు తెచ్చినది. చెరువుల క్రింది వరి కాలువల క్రింది వరియైనది. వడ్లు పెరిగినవి, మిల్లులు పెరిగినవి. ప్రభుత్వమునకు బియ్యమిచ్చు మిల్లు 100 కిలోల వడ్లకు పచ్చి బియ్యమైనచో 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైనచో 68 కిలోలు అప్పగింపవలెనని నిబంధన. మిగిలినదానిలో 20 కిలోలకు పైగా ఊక. తరువాత తవుడు, నూకలు. బియ్యమున కూలియే గాని పెద్ద లాభము లేదని మిల్లు యజమానులు అందురు. లాభ మేదైన నున్నచో అది తవుటిలోను, నూకలలోను నుండవలెను. ఉప్పుడు బియ్యపు తవుటిలో నూనె పాలు మరింత ఎక్కువ. నూనె తీయు కర్మాగారములు దానిని వెల యిచ్చి కొనును.

అందుచేత పాలిషు యంత్రము నుండి తవుటిని పీల్చుకొని వచ్చు గాలి ఎక్కడ సైక్లోనులో ప్రవేశించునో, అక్కడ మిల్లు యజమాని కన్ను రెప్పవేయదు. తవుడు సన్నని పొడియే. అయినను పైగొట్టము నుండి తెల్లని ధూళి రేగినదన్న ఆనాడే మేస్త్రీ నిచ్చెన వేసుకొని పైకెక్కును. అది రూపాయలు గాలిలో పోవుట గదా! కొందరు పైగొట్టమునకు గుడ్డసంచులు తొడిగి మిగిలిన పొడిని కూడ పట్టుదురు.

అదే మిల్లులో ఇరువది బారల దూరమున బాయిలరు కలదు. వడ్లు ఉడుకబెట్టుటకు, ఆరబెట్టుటకు కావలసిన ఆవిరి అక్కడ ఊకను కాల్చి పుట్టింతురు. ఊక కాలగా దాని బరువులో అయిదవ వంతు వరకు బూడిద మిగులును. ఈ బూడిద కట్టెల బూడిద వంటిది కాదు. దానిలో నూటికి 85 పాళ్ళకు పైగా సిలికా, అనగా ఇసుకకు మూలమైన పదార్థమే. వరి మొక్క తన గింజకు కవచముగ నేలనుండి తోడుకొని పేర్చుకొనిన రాతి యది. ఊక కాలినను ఆ అస్థిపంజరము అట్లే నిలుచును. లోపల బోలుగ, తేలికగ, రేకు తునుకవలె నుండును. చూపునకు పెద్దదిగ కనబడినను బరువు లేదు కనుక సైక్లోనులో అది సన్నని రేణువువలె ప్రవర్తించి పైకి లేచిపోవును. తగిలినచోట మాత్రము ఇసుకవలెనే రేకును ఒరయును. కొన్ని నెలలలో గరాటు మెడ పలుచబడి చిల్లులు పడును. తవుటి గరాటునకు చిల్లి పడిన ఆ పూటనే అతుకు పడును. బూడిద గరాటునకు చిల్లి పడిన, ఒక గోనెపట్ట చుట్టి తీగతో బిగింతురు. చుట్టుపట్ల ఇండ్లలో ఆరవేసిన బట్టలమీద నల్లని పొరకలు వాలుటకును, బావి నీటిపై తెట్టువలె తేలుటకును కారణమిది. మిల్లు వెనుక ఇల్లుగల ఇల్లాలిని అడిగినచో గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో తీగమీది చీరను చూచి చెప్పగలదు.

ఇందులో కొంత మార్పు రాకపోలేదు. ఒకప్పుడు రోడ్డుప్రక్క తగులబెట్టిన ఊక నేడు ఇంధనముగ అమ్ముడుపోవుచున్నది. ఊక బూడిదను ఉక్కు కర్మాగారములు కరిగిన లోహముపై వేడి చల్లారకుండ కప్పుటకు కొనుచున్నవి. కొనువాడు వచ్చిన మిల్లులలో బూడిద గరాటునకు కూడ కొంత గౌరవము కలిగినది!

పెద్దపల్లి దాటి బసంతనగరము చేరినచో దృశ్యము మారును. ఇక్కడి కేశోరాం సిమెంటు కర్మాగారము 1969లో ఉత్పత్తి ప్రారంభించి, 2025లో అల్ట్రాటెక్ సంస్థ చేతికి పోయినది. దూరమునుండి కనబడు ఎత్తైన గోపురమే సైక్లోనుల మేడ. సున్నపురాతి పొడిని నీటితో కలిపి బురదగ చేసి కొలిమిలోనికి పంపు పాత పద్ధతిలో, ఆ నీటిని ఆవిరిచేయుటకే బొగ్గు విశేషముగ ఖర్చగుచుండెను. కిలో క్లింకరునకు 1300 కిలోకేలరీలు, అంతకు పైనను పట్టెడిది. పొడిని పొడిగనే పంపినచో 700, 800లతో సరిపోవును. అయితే పిండివలె సన్నని పొడి కొలిమినుండి వచ్చు వేడిగాలికి తగిలిన క్షణమే ఎగిరిపోవును గదా! ఎగిరిపోనిచ్చి, పట్టి, మరల ఎగురవేసి, మరల పట్టుటయే దీనికి విరుగుడు. నాలుగైదు అంతస్తులలో సైక్లోనులు ఒకదానిపై నొకటి నిలుపుదురు. పొడిని పైనుండి విడుతురు. క్రింది నుండి 1000 డిగ్రీల వేడితో వచ్చు వాయువు దానిని ఎత్తుకొని పోవుచు తన వేడినిచ్చును. సైక్లోను పొడిని విడదీసి క్రింది అంతస్తునకు దించును. అక్కడ అంతకంటె వేడిగాలి దానిని ఎత్తుకొనును. ఇట్లు మెట్లు దిగుచు పొడి ఒక నిమిషములోపల 800 డిగ్రీలకు చేరి కొలిమిలో పడును. మెట్లెక్కుచు వాయువు 350 డిగ్రీలకు చల్లారును. ఈ యూహకు 1930ల నాటనే పేటెంటు పుట్టినను, జర్మనీలోని హుంబోల్టు సంస్థ దీనిని మొదటిసారి నిర్మించినది 1951లో. బసంతనగరపు తొలి కొలిమి ఆ పద్ధతిదే. ఆదిలాబాదు సీమలో 1982లో ఆరంభమైన దేవాపూరు ఓరియంటు సిమెంటు కర్మాగారమున కూడ ఇట్టి మేడ కలదు.

దీనిలో గమనింపవలసిన దొకటి యున్నది. సిమెంటు మేడపై నున్న సైక్లోను దుమ్మును తరిమివేయుటకు కాదు, సరకును కాపాడుటకు. పై అంతస్తున సైక్లోనులను జంటగ, సన్నగ, సమర్థముగ కట్టుదురు; అక్కడ జారినది మేడ వెలుపలికే పోవును కనుక. క్రింది అంతస్తులలో అంతటి పట్టుదల లేదు. జారినను పై అంతస్తు పట్టుకొనును. ఎక్కడ ఎంత ఖర్చు పెట్టవలెనో తక్కెడలో తూచినట్లు తూచి కట్టిన మేడ యది.

మరి కొంత దూరము పోయిన రామగుండము. ఇక్కడ ఒక కొత్త ప్రశ్న వచ్చును. గాలిలోనున్నది దుమ్ము గాక నీటి తుంపరయైనచో? సూత్రమదే. జాతీయ తాప విద్యుత్ సంస్థ ఇక్కడ 1983 మొదలు నెలకొల్పిన 200, 500 మెగావాట్ల యంత్రముల మొత్తము శక్తి 2600 మెగావాట్లు. ఇట్టి బాయిలరుల నెత్తిన డ్రమ్మను పెద్ద ఉక్కు పాత్ర యుండును. దానిలోనికి నీరును, ఆవిరియు కలసి నురుగువలె వచ్చును. ఆవిరి వెంట తుంపర పోయినచో దానిలో కరిగియున్న లవణములు టర్బైను రెక్కలపై పెచ్చులు కట్టును. కనుక డ్రమ్ములో చిన్న చిన్న సైక్లోను గొట్టములను వరుసలుగ నిలిపి, వచ్చిన మిశ్రమమును సుడి త్రిప్పుదురు. బరువైన నీరు గోడకు అంటి క్రిందికి జారును. ఆవిరి నడుమనుండి పైకి పోవును. దుమ్ముకంటె తుంపర నయము. గోడకు తగిలిన దుమ్ము మరల ఎగురవచ్చును. బొట్లు మాత్రము ఒకదానితో నొకటి కలసి పొరయై జారిపోవును. కాని వేగము హద్దు మీరినచో ఆ పొరయే చిరిగి మరల తుంపరగును. 2023లో అక్కడనే పని ప్రారంభించిన 800 మెగావాట్ల యంత్రములో డ్రమ్మే లేదు. అంత పీడనమున నీటికిని, ఆవిరికిని భేదమే పోవును. అయినను యంత్రమును మేల్కొలుపు వేళ, పీడనము ఇంకను తక్కువగ నున్నప్పుడు, నిలువు పాత్రలలో ఆ మిశ్రమమును సుడి త్రిప్పియే నీటిని వేరు చేయుదురు. పీడనము హెచ్చిన పిదప ఆ పాత్ర ఉత్త దారిగ మిగిలిపోవును.

ఎరువుల కర్మాగారపు కథ వేరు. భారత ఎరువుల సంస్థ 1980లో ఇక్కడ బొగ్గును పొడిచేసి కాపర్స్-టోట్జెక్ పద్ధతిన వాయువుగ మార్చి యూరియా చేయనారంభించినది. మన బొగ్గులో బూడిద ఎక్కువ. వాయువుతో కూడ ఎగిరివచ్చు ఆ బూడిదను వదల్చుకొనుట కొన్నివిధముల కడుగుడు పనులతో గాని సాధ్యము కాదు. 1999లో ఆ కర్మాగారము మూతపడుటకు కారణములు పెక్కు కలవు. బొగ్గు బూడిద వానిలో చిన్నది కాదు. 2021లో దాని స్థానమున ఉత్పత్తి ప్రారంభించిన కర్మాగారము సహజవాయువుతో నడచును. గొట్టపు దారిన వచ్చు వాయువులోను తడి బొట్లుండవచ్చును. మహావేగముతో తిరుగు కంప్రెసరు రెక్కకు ఒక బొట్టు తగులుట రాయి తగులుటతో సమానము కనుక, వాయువును కంప్రెసరులోనికి పంపుటకు ముందు బొట్లను దించు పాత్రలు ఇట్టి కర్మాగారములలో తప్పనిసరి. వానిలో అనేకము సుడిత్రిప్పు జాతివే.

ఇన్నిచోట్ల పనికివచ్చిన సైక్లోను, రామగుండపు పొగగొట్టము క్రింద మాత్రము ఓడిపోయినది. లెక్క చూడుడు. మన విద్యుత్కేంద్రములలో 100 టన్నుల బొగ్గు కాల్చినచో 35 నుండి 40 టన్నుల బూడిద వచ్చును. అందులో అయిదింట నాలుగు పాళ్ళు, అనగా 30 టన్నులు, పొగతో ఎగురును. సైక్లోను నూటికి 90 పాళ్ళు పట్టినదనుకొందము. వినుటకు గొప్పగనే యుండును. మిగిలిన 3 టన్నులు ఆకాశమునకు పోవును. ఒక పెద్ద యంత్రము ఒక గంటలోపల ఆ 100 టన్నుల బొగ్గును మ్రింగును. అందుచేత విద్యుత్కేంద్రములు సైక్లోనును విడిచి, 1908లో కాట్రెల్ పేటెంటు పొందిన విద్యుదాకర్షణ యంత్రమును ఆశ్రయించినవి. అది రేణువునకు విద్యుదావేశమిచ్చి పలకలకు లాగును. నూటికి 99 పాళ్ళు దాటి పట్టును. 2015 డిసెంబరునాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు పాత యంత్రములకు ఘనమీటరు పొగలో 100 మిల్లీగ్రాములు, 2003 తరువాతి వానికి 50, 2017 నుండి నెలకొల్పిన వానికి 30 మిల్లీగ్రాములు మించరాదని పలికినవి. గోదావరి కావల జైపూరున సింగరేణి సంస్థ 2016లో నడిపింప మొదలిడిన 1200 మెగావాట్ల కేంద్రమునకును ఇట్టి హద్దులే. సైక్లోను ఒంటరిగ ఆ గీతను ముట్టజాలదు.

పట్టిన బూడిద ఏమగును? నీటితో కలిపి కుందనపల్లి వంటి బూడిద చెరువులకు పంపుదురు. చెరువు ఎండిన వేసవిలో గాలి దానిని మరల లేపును. ఒకసారి పట్టిన దొంగ తిరిగి సందులో కనబడినట్లు! 1999లో కేంద్ర ప్రభుత్వము ఈ బూడిదను ఇటుకలకు, సిమెంటునకు వాడవలెనని ఆదేశించిన తరువాత దీనికిని కొంత గిరాకి పుట్టినది. సిమెంటులో మూడవ వంతు వరకు దీనిని కలుపవచ్చును. మూడు నాలుగు దశాబ్దములు పీడగ నుండినది క్రమముగ సరకగుచున్నది. ఇక్కడను వెలయే దారి చూపినది.

గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి వీథులలో లేచు బొగ్గు దుమ్ము మాట వేరు. అది గొట్టములో రాదు. లారీ చక్రము క్రింద పుట్టి నేరుగ ముఖమునకు వచ్చును. గరాటునకు అక్కడ పని లేదు. నీరు చల్లుటయు, టార్పాలిను కప్పుటయు తప్ప వేరు దారి లేదు. కాగజునగరపు కాగితపు మిల్లులో సైక్లోనుకు తమ్ముడు వంటి పరికర మొకటి నీటితో కూడిన గుజ్జునుండి ఇసుకను వేరుచేయును. అది గాలికి సంబంధించినది కాదు కనుక ఇక్కడ విడిచిపెట్టుచున్నాను.

ఇప్పుడు ముందు చెప్పిన రెండంకెల మాట. 10 మైక్రానుల రేణువు సైక్లోనుకు చిక్కును. 1 మైక్రాను చిక్కదు. మన శరీరము కూడ ఒక విధమైన సైక్లోనే. ముక్కు వంకరలలో, గొంతు మలుపులలో గాలి వంగినప్పుడు పెద్ద రేణువులు తడిగోడకు అంటుకొని చీమిడియై, కఫమై బయటికి వచ్చును. 4, 5 మైక్రానుల కంటె చిన్నవి మలుపులన్నిటిని దాటి ఊపిరితిత్తుల అట్టడుగు తిత్తులకు చేరును. రాతి సిలికా అక్కడ చేరినచో మానని మచ్చ కట్టును. సిలికోసిసు అను వ్యాధి యది. పట్టవలసిన దుమ్ములో కెల్ల ఎక్కువ హానికరమైన దానినే సైక్లోను విడుచుచున్నదన్నమాట. కంటికి కనబడు పొగ తగ్గినంతమాత్రమున దుమ్ము పోయినదని తలచుట పొరపాటు. 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టము క్రింద అనుమతి కోరు చిన్న మిల్లువాడు సైక్లోను పెట్టితినని కాగితముపై వ్రాసి ఊరుకొనుట వాడుక. పెట్టుట వేరు, పట్టుట వేరు. సైక్లోను తరువాత గుడ్డసంచుల గదియో, నీటి జల్లో ఉన్నప్పుడే సన్నని పొడి ఆగును. పెద్ద పొడిని ముందుగ సైక్లోను దించివేయుట చేత సంచులు చాలకాలము మన్నును. దానికి తగిన పని అది.

ఖర్చు మాట దాచనవసరము లేదు. సైక్లోను గాలిని ఊరక త్రిప్పదు. 100 మిల్లీమీటరుల నీటి మట్టమంత పీడనము ఫ్యానునుండి గుంజుకొనును. సెకండునకు 10 ఘనమీటరుల గాలి పోవు చోట ఆ ఒక్క పనికే 15 కిలోవాట్ల మోటారు శక్తి కావలెను. వ్యాసము తగ్గించిన కొలది పట్టు పెరుగును, కరెంటు బిల్లును పెరుగును. బూడిదకై ఆ బిల్లు కట్టుమన్న ఏ యజమానికైన మనసు రాదు. కాని ఎక్కువ చోట్ల లోపము బిల్లులో లేదు. గరాటు కొనలో నున్నది. ఫ్యాను సైక్లోనుకు తరువాత నున్నప్పుడు గరాటు లోపల శూన్యము వంటి పీల్పుడు ఏర్పడును. క్రింది రంధ్రము దుమ్మును విడువవలెను, గాలిని లోనికి రానీయరాదు. దీనికై తిరుగు రెక్కల కవాటము పెట్టుదురు. దానిని రోటరీ వాల్వు అందురు. రెక్కల అంచులు అరిగిన కొలది క్రింది నుండి గాలి చొరబడి, కొనకు చేరిన దుమ్మును నడిమి సుడిలోనికి ఎగదన్నును. లోనికి వచ్చు గాలి పదవ వంతైనచో పట్టుడు చాలవరకు పాడగును. కవాటము బిగిసి ఇబ్బంది పెట్టుచున్నదని దానిని ఊడదీసి గోనెసంచి కట్టు మిల్లులు కలవు. సంచి నిండిన పిమ్మట గరాటు నిండును. గరాటు నిండిన పిమ్మట దుమ్మంతయు నెత్తిననే పోవును.

ఇది కనిపెట్టుటకు ఇంజనీరు రానక్కరలేదు. ఫ్యాను నడుచుచుండగా కొన దగ్గర అతుకు ప్రక్కన పలుచని కాగితపు ముక్కను పట్టి చూడవలెను. కొందరు అగరువత్తి పొగతో చూతురు గాని, తవుటి దుమ్ము దగ్గర నిప్పు పనికిరాదు. కాగితము వ్రేలాడుచున్నచో సరి. అతుకువైపు వంగి అంటుకొనినచో గాలి లోనికి పోవుచున్నదని యర్థము. అప్పుడు మిల్లు ఆపి, నెత్తిన గొట్టము జోలికి పోక, ముందు ఆ అతుకును, తరువాత కవాటపు రెక్కల అంచులను చూడవలెను.